పరాయి మూట

తూర్పున ఎర్రజీర పొడచూపేసరికి శంఖకూట పర్వతం నిద్రలేచింది. పాదాల దగ్గర దేవదారు అడవి నల్లచీర కుచ్చెళ్ళలా పరుచుకుని ఉంది. నడుముకు మబ్బుల మొలనూలు. ఆపైన అంతా మంచు. కంటికి ఆనీ ఆననంత ఎత్తున శంఖేశ్వరుడి గుడి శిఖరం తొలికిరణం సోకి నిప్పురవ్వలా మెరిసింది. కొండ అడుగున నిలిచిన జనమంతా ఒక్క గొంతుతో "హరహర శంఖేశా!" అని అరిచారు. ఆ కేకకు కొమ్మల మీది మంచు జలజల రాలింది.

ఆ గుంపులో ఒక్కడు మాత్రం అరవలేదు. ఒంటిమీద ముతక కంబళి, తలకు మాసిన పాగా, చేతిలో చిన్న మూట. చూసినవాళ్ళు కంబళ్ళమ్ముకునే శరభన్న అనుకుంటారు. అతడు కుముదవతీ నగర యువరాజు శరభకేతుడు. అతడి అరికాల్లో ముల్లు విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో అతడికి తెలియదు. గుచ్చుకున్నట్టే తెలియదు.

కిందటి అమావాస్యనాడు ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు కుముదవతి మీదికి బూడిదరంగు పొగ వదిలాడు. ఆ పొగ పీల్చినవాళ్ళు చావలేదు. ముందు ఒంటికి స్పర్శ పోయింది, వెనకే మనసు మొద్దుబారింది. చేతులు కాలుతున్నా ఆడవాళ్ళు పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూనే ఉన్నారు. వీధిలో పసిబిడ్డ ఏడుస్తుంటే కన్నతల్లి దాటుకుని వెళ్ళిపోయింది. మహారాజు దీపం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. మాంసం కాలిన వాసన సభంతా నిండినా ఎవరూ తల తిప్పలేదు. ధూమ్రనేత్రుడు కత్తి దూయకుండా నడిచొచ్చి సింహాసనం ఎక్కాడు. అడ్డుపడాలని ఒక్కడికీ అనిపించలేదు.

ఆ సమయానికి వేటనుంచి తిరిగొస్తూ కోటవాకిట ఉన్న శరభకేతుడు పొగ తోకను మాత్రమే పీల్చాడు. ఒళ్ళు మొద్దుబారింది. మనసూ మొద్దుబారింది. చెయ్యాల్సిన పని మాత్రం గుర్తుండిపోయింది. తక్కినవాళ్ళకూ అతడికీ అంతే తేడా.

అడవిలో కలిసిన ఒక యోగిని విరుగుడు చెప్పింది. ఊళ్ళో ఇంటింటి బట్టలోంచీ ఒక్కో నూలుపోగు లాగి వత్తి పేనాలి. ఆ ఊరివాడే తన చేత్తో దాన్ని శంఖేశ్వరుడి అఖండదీపానికి అంటించి, ఆరకుండా తెచ్చి ఊళ్ళో నిలపాలి. గుడి ఏడాదికి ఒక్కరోజే తెరుస్తారు. సాయంసంధ్య హారతి కాగానే మూసేస్తారు. ఆ రోజు ఇదే. మళ్ళీ ఏడాదికా? ఆకలి తెలియనివాళ్ళు అన్నం అడగరు. అన్నం అడగనివాళ్ళు ఏడాది బతకరు.

వత్తి అతడి చేతి మూటలో ఉంది.

"ఏయ్, కంబళ్ళబ్బాయ్! ఎక్కడికా పరుగు? మూట మార్చుకున్నావా?" కొండవాకిలి దగ్గర తలారి బల్లెం అడ్డంపెట్టాడు.

"మార్చుకోవడమేమిటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

"కొత్తవాడు పాపం," అన్నాడు తలారి. "విను. ఈ కొండమీద ఎవడి మూట వాడు మొయ్యడు. ముక్కూమొహం తెలియని మనిషికి నీది ఇచ్చి, వాళ్ళది నువ్వు ఎత్తుకోవాలి. విప్పకూడదు. ఏముందని అడగకూడదు. పైన అప్పగింత వాకిలి ఉంది, అక్కడ ఎవరిది వాళ్ళ చేతికివ్వాలి. ఇద్దరూ ఇచ్చుకుంటే ఇద్దరికీ తలుపు తీస్తారు. ఒకడు పోగొట్టినా ఇద్దరూ వెనక్కే."

"నా మూట నేనే మోసుకుంటాను."

"అలాగే. మీ ఇంటిదాకా మోసుకో, ఇటు తిరుగు."

తలారి వెనక పదిమంది బల్లేలు పట్టుకుని ఉన్నారు. శరభకేతుడు వాళ్ళను చూశాడు, దారి చూశాడు, లెక్క కుదరలేదు. అంతలో పక్కనుంచి వెదురుకర్ర ఒకటి అతడి మోచేతిని పొడిచింది. రెండోసారి పొడిస్తేగాని అతడు చూసుకోలేదు.

"ఏం నాయనా, చెవుడా? ఎంతసేపు పొడవాలి?" బొంగరమంత ముసలావిడ. ముక్కుకు ఇత్తడి బేసరి, నెత్తిమీద తనంత మూట. "నా పేరు చెంగమ్మ. నీది పిట్టంత ఉంది, నాది గుమ్మడికాయంత ఉంది. నాకు బేరం గిట్టుబాటైంది. ఇటివ్వు."

కుముదవతి నగరమంతా ఒక గుడ్డపేలికలో చుట్టి ముక్కూమొహం తెలియని ముసలిచేతిలో పెట్టాడు యువరాజు. భయం కలగాలి. కలగలేదు. ఆమె మూట నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టాడు.

దేవదారు అడవి దాటాక దారి నిట్టనిలువు. శరభకేతుడు తల వంచి తన పాదాలే చూసుకుంటూ నడిచాడు. నేల తగిలిందో లేదో అరికాలు చెప్పదు, కళ్ళే చెప్పాలి. పొద్దు బారెడెక్కేసరికి అగాధం మీద నారతాళ్ళ వంతెన వచ్చింది. సరిగ్గా అప్పుడే లోయలోంచి మంచుపొగ లేచి వంతెనను కమ్మేసింది. ఇప్పుడు పాదాలు కనిపించవు.

అతడు ఆగిపోయాడు.

"ఏం, కళ్ళు తిరుగుతున్నాయా?" ముందు వెళుతున్న చెంగమ్మ కేకేసింది.

"అవ్వా, నాకు అడుగు ఆనేది తెలియదు. ఒంటికి జబ్బు."

ముసలావిడ కర్ర తిరగేసి పట్టుకుంది. "సరే. నేను కర్రతో చెక్క మీద కొడతా. ఆ చప్పుడు మీద అడుగు వెయ్యి. చప్పుడు లేనిచోట వేశావా, నా మూటతో సహా పోతావు. నా మూట జాగ్రత్త."

టక్. అడుగు. టక్. అడుగు. గాలికి వంతెన ఉయ్యాలలా ఊగింది. నడిమధ్యలో ఒక చెక్క కర్రదెబ్బకు టక్కుమంది గాని, అతడి బరువుకు పెళ్ళున విరిగింది. శరభకేతుడు తొడదాకా కిందికి దిగబడ్డాడు. కాళ్ళకింద మైలులోతు శూన్యం. ఒక చేత్తో నెత్తిమీది మూట అదిమిపట్టి, రెండోచేతిని తాడుకు మెలేసి, పళ్ళతో కూడా నార కరిచిపట్టుకుని పైకి పాకాడు. అవతలి గట్టు చేరాక వెనక్కి చూస్తే మంచుమీద ఎర్రటి గీత తనవెంటే వచ్చింది. పిక్క చీరుకుపోయింది.

"అయ్యో అయ్యో, ఎముక కనబడుతోందయ్యా! నొప్పి లేదూ?"

"లేదు."

"అబద్ధానికైనా కాస్త మూలగవయ్యా. చూసేవాళ్ళకు సుఖంగా ఉంటుంది." ఆమె తన కొంగు చింపి కట్టు కట్టింది. కట్టాక పాదం పట్టుకుని తిప్పిచూసింది. "ఈ ముల్లు ఎప్పటిది? ఈ వేళ్ళు చూడు, మంచుకు నీలమెక్కుతున్నాయి. నీ ఒంటిని నువ్వు చూసుకోవా? మీ అమ్మ చూస్తే ఏడవదూ?"

"మా అమ్మ ఏడవదు," అన్నాడు శరభకేతుడు. అది నిజమే.

చెంగమ్మ అతడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేడి పుట్టేదాకా రుద్దింది. ఎవరి కాళ్ళనో రుద్దుతున్నట్టు అతడు చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా యాత్రికులంతా వాళ్ళను దాటి పైకి సాగిపోయారు.

మళ్ళీ బయలుదేరేసరికి బండచాటునుంచి ఒక బైరాగి ఎదురొచ్చాడు. ఒళ్ళంతా విభూతి, బొడ్డుదాకా గడ్డం, చంకలో దండం.

"శివశివా! కుంటుతూ మోస్తున్నావా బాబూ? ఎంత కష్టం! ఏ ఊరు మనది?"

"సంతల వెంట తిరిగేవాణ్ణి స్వామీ. ఊరంటూ లేదు."

"ఆ మూట ఇలా ఇవ్వు, కాసేపు నేను మోస్తాను. పుణ్యం నాకూ రానీ."

చెంగమ్మ బైరాగిని ఎగాదిగా చూసింది. "స్వామీ, తమరి మూటేదీ?"

"సన్యాసికి మూటెందుకు తల్లీ?"

"తమది లేకపోతే పోయె. మోస్తున్న పరాయి మూటేదీ? మూట లేకుండా తలారి కొండ ఎక్కనిచ్చాడా?"

బైరాగి కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. "సన్యాసులకు వేరే దారి ఉంది తల్లీ," అని నవ్వాడు.

"మేకలకు కూడా ఉంది," అంది చెంగమ్మ.

శరభకేతుడు ఆ మాట విన్నాడు. వెనుకటి శరభకేతుడైతే ఆ క్షణమే మొలలో కత్తిమీద చెయ్యి వేసేవాడు, వీపున చీమ పాకినట్టయ్యేది. ఇప్పుడు వీపు ఏమీ చెప్పలేదు. పొద్దు నడినెత్తి దాటింది, గుడి ఇంకా పైనే ఉంది. అతడు నడిచాడు.

దారి సన్నబడి అంచుదారి అయింది. ఎడమన మంచుగోడ. కుడిపక్క, రాకాసి నోరు అని యాత్రికులు పిలిచే మంచు పగులు. పైన నీలం, లోపల నలుపు, అడుగెక్కడో ఎవరికీ తెలియదు. పట్టుకుని నడవడానికి గోడ పొడవునా ఇనుపమేకులకు తాడు కట్టి ఉంది. ముందు చెంగమ్మ, మధ్య యువరాజు, వెనక బైరాగి.

"అవ్వా, ఆగు," అన్నాడు శరభకేతుడు కాసేపటికి. "నీడ చూడు."

మంచుగోడ మీద మూడు నీడలు. మూడో నీడ చెయ్యి రెండో నీడ వీపుకు ఆని ఉంది.

అతడు వెనక్కి తిరిగాడు. బైరాగి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఖాళీ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"ఏం స్వామీ?" అన్నాడు శరభకేతుడు.

"నువ్వు... పడలేదేం?" బైరాగి గొంతు పీలగా వచ్చింది. "పిడిదాకా దిగింది కదరా!"

ఆ మాట పూర్తికాకముందే యువరాజు అతడి గడ్డం అందుకున్నాడు. గడ్డం ఊడి చేతికొచ్చింది. గడ్డం కింద నున్నటి దవడ, దవడ మీద పచ్చబొట్టు, పొగలో కన్ను. ధూమ్రనేత్రుడి శిష్యులు వేసుకునే గుర్తు! దండం గిర్రున తిరిగి శరభకేతుడి కణతకు తగిలింది. మామూలు మనిషి సొమ్మసిల్లేవాడు. అతడు కళ్ళు ఆర్పి ముందుకు దూకాడు. ఇద్దరూ అంచుమీద కలియబడ్డారు. శిష్యుడు పాములా మెలితిరిగి కిందనుంచి జారి, లేస్తూనే యువరాజు నెత్తినుంచి జారిపడిన మూట లాగేసుకున్నాడు.

"గురువుగారికి జయం! యువరాజా, ఇదుగో నీ ఊరి వత్తి! పాతాళంలో వెలిగించుకో!"

మూటను రాకాసి నోట్లోకి విసిరేశాడు. విసిరిన ఊపుకు కాలికింది మంచు పెళ్ళ ఊడింది. పట్టుకోవడానికి తాడు అందలేదు. మూట వెంటే వాడూ పోయాడు. కేక కిందికి దిగుతూ వెళ్ళి, ఒక్కసారిగా ఆగిపోయింది.

చెంగమ్మ తన నెత్తిమీది పిట్టంత మూటను తడిమి చూసుకుంది.

"వాడు నీదనుకుని నాది పారేశాడా?"

"అవును."

"ఈ కొండమీద ఎవడైనా తన మూట తనే మోస్తాడనుకునే మొద్దుమొహం! తలారిని అడిగినా చెప్పేవాడే!" ఆమె మంచుమీద చతికిలబడింది. కాసేపటికి తలెత్తింది. "యువరాజువా నువ్వు?"

"అవును."

"యువరాజువైతే అయ్యావు. ముందు ఇటు తిరుగు, వీపులో కత్తి ఉంది."

"ఏ కత్తి?"

ఆమె రెండు చేతులా పట్టి లాగింది. కంబళి మడతలవల్ల కత్తి రెక్క ఎముకకు తగిలి పక్కకు జారింది గాని, లేకపోతే గుండె అందేది. కంబళి చెరుగు చించి గాయంలో కుక్కి బిగించి కట్టింది. కత్తిని విసుగ్గా పగుల్లోకి గిరాటేసింది.

శరభకేతుడు ఊళ్ళో సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. పొగ, రాజు చెయ్యి, వీధిలో ఏడ్చిన బిడ్డ, వత్తి, హారతివేళ. తన కథ కానట్టే చెప్పాడు.

"నా మూట నాకిస్తే పైకి పోతానవ్వా."

"వాకిలి ఎలా తీస్తారు? నాది నువ్వు నాకివ్వాలిగా."

"గుడ్డలో రాళ్ళు చుట్టి మూట కడదాం. కావలివాళ్ళకు ఏం తెలుస్తుంది?"

"వాళ్ళకు తెలీదు. నాకు తెలుస్తుంది." ముసలికళ్ళలో నీళ్ళు నిండాయి. "నాయనా, అందులో ఏముందో చెప్పకూడదు. చెప్పను. నాకింకో ఏడాది లేదు, మళ్ళీ ఈ కొండ ఎక్కలేను. అది శంఖేశుడి ముందు పెట్టకుండా నేను దిగను. నీ ఊరు నీకెంతో, నాకది అంత."

యువరాజు ఆమెకేసి చూశాడు. ఎండుకట్టెలాంటి మనిషి. ఒక్క తోపు చాలు. మూట లాక్కుని, రాళ్ళమూటకు ఇంకెవరినైనా జత చూసుకుని పైకి పోవచ్చు. ఒకపక్క ఈ ముసలావిడ, ఇంకోపక్క నగరం. చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. చెంగమ్మ ఆ చెయ్యి చూసింది. లేచి పారిపోలేదు.

"లాక్కో. అరిచినా వినేవాళ్ళు లేరు. కానీ ఒక్కమాట చెప్పు. ఏడుస్తున్న బిడ్డను దాటిపోయే ఊరికి దీపం తేవడానికి, ఏడుస్తున్న ముసలిదాన్ని దాటిపోతావా? అట్లయితే ఆ పొగ నిన్ను విడిచిపెట్టిందని ఎవరు చెప్పారు నీకు?"

శరభకేతుడికి కోపం రాలేదు. సిగ్గూ రాలేదు. కాని మాట సబబుగా తోచింది. సాగిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేత్తోనే గోడకున్న తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"వెనక ఇంకెవరూ రావడం లేదు. ఈ తాడు నా నడుముకు కడతాను. రెండో కొస ఆ లావుపాటి మేకుకు రెండు చుట్లు వేసి వదులుతూ ఉండు. నేను దిగుతాను."

చెంగమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేను బిగించి చూడనిదే ఒక్క ముడీ ఒప్పుకోను," అంది.

పగుల్లోకి దిగేకొద్దీ లోకం రంగు మారింది. మొదట పాలతెలుపు, తర్వాత నెమలికంఠం నీలం. గోడలనుంచి మంచుకత్తులు పళ్ళవరుసల్లా పొడుచుకొచ్చి, ఏ వెలుగో సోకి లోలోపల మెరుస్తున్నాయి. ఎక్కడినుంచో నీటిచుక్క టప్పు టప్పున పడుతోంది. ఇంకా దిగితే నీలం నలుపైంది. కింద, ఒక మంచు అరుగుమీద, తెల్లగా ఏదో మసక మచ్చ. మూట గుడ్డే! అరుగు దాటి అవతల అంతా చీకటి.

"ఇంకా వదులు!" అని అరిచాడు. తాడు జారింది. అతడి శరీరమే పై వెలుగుకు అడ్డమై ఆ మచ్చ కూడా కనబడకుండా పోయింది. ఎడమచేత్తో తాడు పట్టుకుని, కుడిచెయ్యి చీకట్లోకి చాచి, మచ్చ ఉన్నచోట వేళ్ళు ముడిచాడు.

దొరికిందా?

చేతికి తెలియలేదు. గుడ్డ మెత్తన లేదు, మంచు చల్లన లేదు. కళ్ళకు చీకటి. పిడికిట్లో మూట ఉండవచ్చు. ఉత్త గాలి ఉండవచ్చు. వేళ్ళు విప్పి మళ్ళీ తడిమితే, ఉన్న మూట జారి అడుగులేని లోతుకు పోవచ్చు.

"అవ్వా!" అని పైకి అరిచాడు. "తాడు లాగి చూడు! బరువు పెరిగిందా?"

తాడు బిగిసింది. తర్వాత మంచుగోడల మధ్య మోగుతూ చెంగమ్మ గొంతు దిగింది.

"పెరిగింది నాయనా!"

"అయితే లాగు!"

తాడు కదల్లేదు.

"అవ్వా? ఏమైంది?"

"ఇది నా మూట బరువు కాదయ్యా! ఇంటినుంచి మోసుకొచ్చినదాన్ని, దాని బరువు నాకు తెలీదా? ఇది మనిషి బరువు! నీ కాళ్ళు చూసుకో! నీ కాళ్ళు పట్టుకుని ఎవరో వేలాడుతున్నారు!"

శరభకేతుడు కిందికి వంగాడు. మోకాళ్ళ దగ్గర చీకట్లో రెండు కళ్ళు పచ్చగా వెలుగుతున్నాయి. నున్నటి దవడ మీద పొగలో కన్ను కూడా వెలుగుతోంది. శిష్యుడి వేళ్ళు అతడి తొడను పట్టుకుని, నడుము పట్టుకుని, ఒక్కొక్క పట్టే పైకి పాకుతున్నాయి. వాడూ ఆ అరుగుమీదే పడి బతికాడన్నమాట. ఎప్పటినుంచి పట్టుకుని ఉన్నాడో!

"దొరికావు యువరాజా," అన్నాడు వాడు, చెవి దగ్గరికొచ్చాక, మెల్లగా.

పైన ఇనుపమేకు కిర్రుమంది. "వంగుతోంది నాయనా! మేకు వంగిపోతోంది!" అని చెంగమ్మ కేక. మంచుపొడి వానలా రాలింది. శిష్యుడి రెండుచేతులూ యువరాజు గొంతు చుట్టూ బిగుసుకున్నాయి. ఊపిరి ఆగింది. వాణ్ణి విదిలించాలంటే ఒక చెయ్యి కావాలి. ఎడమచెయ్యి తాడు వదిలితే తలకిందులవుతాడు. మిగిలింది కుడిచెయ్యి. అది ఖాళీయో కాదో అతడికి ఇంకా తెలియదు.

కళ్ళముందు నీలం, నలుపు కలిసిపోతుండగా శరభకేతుడు తలను వెనక్కి విరిచి, తన నుదుటితో వాడి ముక్కుమీద బలమంతా పెట్టి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మేకు ఇంకో వంపు వంగింది.

పిడికిలి మాత్రం విప్పలేదు.